పొంగు

వదినగారికి,

మీ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గిందని కార్డు చూశాక మనసు కుదుటపడింది. ఇక్కడ మేం క్షేమం. "మేం" అని అలవాటు కొద్దీ రాశాను గానీ, మీ తమ్ముడి క్షేమం నాకు తెలిసేది బట్టల బుట్ట చూసే. మాసిన చొక్కా పడితే ఆయన ఆఫీసుకు వెళ్లొచ్చారని లెక్క.

మీ దగ్గర దాపరికం ఏముంది. పోయిన చలికాలం ఆ జలుబు జ్వరం నుంచి లేచాక ఈ మనిషి మాట మానేశారు. పోట్లాట లేదు, అలక లేదు. "తలుపు వేశావా?" "వేశాను." రోజంతటికీ అంతే. టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం కదా, ఇంట్లో కూడా టీ చెంచాతో సర్రుమని పీల్చేవారు. పక్కింటివాళ్లకు వినబడుతుందని సిగ్గుతో చచ్చేదాన్ని. ఇప్పుడు చప్పుడు లేకుండా తాగి, చప్పుడు లేకుండా కప్పు సింకులో పెట్టేస్తున్నారు. ఒకరోజు కావాలనే, అటక మీద మూలిగే పాత టీపొడి దులిపి, కాచి ఇచ్చాను. తిడతారని ఆశ. తాగేసి పేపరు తిరగేశారు. మొన్న నేను డాబా మీద బట్టలు తీస్తుంటే స్టవ్ మీద పాలు పొంగి గిన్నె మాడిపోయింది. ఇల్లంతా కమురు కంపు. పరుగున కిందికొస్తే, ఆయన వంటింటి పక్క గదిలోనే పుస్తకం చదువుకుంటున్నారు. తల కూడా ఎత్తలేదు. ఆ గిన్నె తోముతూ ఏడ్చాను వదినా. గిన్నె కోసం కాదు.

"కొన్నాళ్లు నా దగ్గరికి వచ్చి ఉండవే" అని మీరు ఎన్నోసార్లు రాశారు. ఇంటి ఖర్చులో మిగిలిన చిల్లర అందుకోసమే ఒక డబ్బాలో వేస్తున్నాను. ఇప్పటికి నిండింది. కానీ నేను లెక్క వేసుకున్నది ఒకవైపు టికెట్టుకే. ఎందుకో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. మీ తమ్ముడితో అనకండి.

ఇంతలో ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. కుట్టు మిషన్లు బాగుచేసే వీధి చివర పాతసామాను కొట్లో ఒక షాంపేన్ సీసా చూశాను. దాని మీద మా పెళ్లయిన సంవత్సరం అచ్చేసి ఉంది. పెళ్లయిన వారానికి వాళ్ల పెద్దాఫీసరు ఇంటికి పిలిచి మాకు చెరో గ్లాసు షాంపేన్ పోశాడు. "గటగటా తాగకు. ముందు వాసన, తర్వాతే నాలుక. కాల్చిన బ్రెడ్డు తెలుస్తోందా? మగ్గిన యాపిల్?" అని మీ తమ్ముడు పాఠం చెబుతుండగానే నేను ఒక్క గుక్కలో లాగించాను. నురగంతా ముక్కులోంచి వచ్చింది. ఆయన పడీపడీ నవ్వి, నాకు "పొంగు" అని పేరు పెట్టారు. "ఇరవై ఐదో ఏట మన పెళ్లయిన ఏడాది సీసా కొంటాను. అప్పుడైనా ముక్కులోంచి రాకుండా తాగు పొంగూ" అన్నారు.

వచ్చే నెలకి ఇరవై ఐదేళ్లు. ఆ మాటే ఎత్తలేదు. ఆ పేరుతో పిలిచీ చాలా కాలమైంది.

సీసా ఖరీదూ, మీ ఊరి టికెట్టు ఖరీదూ ఇంచుమించు ఒకటే. రెండూ నావల్ల కాదు. ఏం చెయ్యమంటారు?

మీ మరదలు


వదినా,

"పులిసిన నీళ్లకి టికెట్టు డబ్బు తగలేస్తావా, మతి గానీ పోయిందా" అన్న మీ కార్డు అందింది. ఇకమీదట కవరులో పెట్టి తిట్టండి. ఇస్తూ పోస్టుమాన్ నా వంక జాలిగా చూశాడు.

నేనేం కళ్లు మూసుకుని కొనేదాన్ని కాదని మీకు తెలుసు. వెళ్లిన ప్రతిసారీ ఆ సీసాని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో పట్టి చూశాను. మెడ దాకా నిండుగానే ఉంది. బిరడా చుట్టూ జిగురు లేదు, కారిన మరక లేదు. రంగు మాత్రం కాస్త ముదిరింది. మనకి ముదరలేదా ఏమిటి.

కొట్టు తాత విసుక్కున్నాడు. "ఏమ్మా, పెళ్లికొడుకుని కూడా ఇన్నిసార్లు చూసి ఉండవు."

"అప్పుడే చూసుకోవాల్సింది బాబాయిగారూ. ఇంతకీ దీన్ని ఇలా నిలబెట్టి ఉంచారా, పడుకోబెట్టా?"

"నా దగ్గరికొచ్చాక పడుకోబెట్టే ఉంచాను, బిరడా ఎండిపోకూడదని. అంతకుముందు ఎవరింట్లో ఎలా ఉందో నాకేం తెలుసు?"

"లోపల పొంగు ఉంటుందంటారా?"

"ఉందని చెప్పి నిన్ను మోసం చెయ్యలేను, పోయిందని చెప్పి నా బేరం చెడగొట్టుకోలేను. తెరిస్తేనే తెలిసేది. తెరిచాక మాత్రం వాపసు తీసుకోను."

దారంతా ఆ మాటే నమిలాను. చెడిపోయి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉంది. అయినా, తెరవకుండా మీ దగ్గరికి వచ్చేస్తే, అందులో పొంగు ఉండేదేమో అనుకుంటూ మీ వరండాలో ముసలిదాన్ని అయిపోతాను. అందుకని కొనేశాను వదినా. బియ్యం డబ్బా వెనక పడుకోబెట్టాను. పెళ్లిరోజున ఆయనకు ఇస్తాను. సంవత్సరం చూసి కూడా ఆయనకేమీ గుర్తు రాకపోతే, టికెట్టు డబ్బు మీరే పంపాలి. అప్పుగానే సుమా.

మీ మరదలు


వదినా,

డబ్బు పంపకండి. ఏం జరిగిందో చెబుతాను, మధ్యలో అడ్డు రాకుండా చదవండి.

పెళ్లిరోజు ఆదివారం పడింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సీసా తెచ్చి బల్ల మీద పెట్టాను. మీ తమ్ముడు సంవత్సరం చూశారు. గుర్తొచ్చింది. అది ముఖంలోనే తెలిసింది. కానీ ఆ ముఖంలో సంతోషం లేదు. అప్పులవాడు గుమ్మంలోకొచ్చినట్టు తెల్లబోయారు. బిరడా తిప్పారు. టప్పుమనలేదు. నిద్రలో ఎవరో నిట్టూర్చినట్టు కాస్త గాలి వచ్చిందంతే.

చెరో గ్లాసులో పోశారు. నేర్పిన పాఠం ప్రకారం నేను ముందు వాసన చూశాను. తడిసిన అట్టపెట్టె, మూలన పడేసి మరిచిన తడిగుడ్డ. చెడిపోయిందని తేలిపోయింది. పెట్టెలో ఏ చీరలు సర్దుకోవాలా అని కూడా అనుకున్నాను.

అంతలో సర్రుమని చప్పుడు. ఎన్నాళ్లకు విన్నానో! ఆయన కళ్లు మూసుకుని, "చాలా బాగుంది. కాల్చిన బ్రెడ్డు. మగ్గిన యాపిల్" అన్నారు.

"ఇంకోసారి చూడండి" అన్నాను.

చూశారు. "అదే. అచ్చం అప్పటిలాగే ఉంది."

అబద్ధమాడుతున్నారు అనుకున్నాను. ఆ వెంటనే మాడిన పాలగిన్నె నా కళ్ల ముందు నిలిచింది.

"ఏమండీ, ఆమధ్య పాలు మాడితే మీకు కంపు కొట్టలేదా?"

గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "లేదు. ఆ జ్వరంలో పోయిన వాసన మళ్లీ రాలేదు" అన్నారు.

పులుపు తెలుస్తుందట, వగరు తెలుస్తుందట, వాసన మాత్రం సున్నా. ఆఫీసులో రంగు చూసీ, పక్కవాళ్ల ముఖాలు చూసీ టీకి మార్కులు వేస్తూ నెట్టుకొస్తున్నారట. తెలిస్తే ఆ కుర్చీ ఉండదు.

"నాకు చెబితే మీ సొమ్మేం పోయింది?"

"కూర ఎలా ఉందని అడుగుతావు. రోజూ అబద్ధం చెప్పాలి. మాట్లాడటం మానేస్తే నువ్వే అడగడం మానేస్తావనుకున్నాను."

అప్పుడొచ్చింది చూడండి నాకు కోపం! నన్ను మూలనున్న కుర్చీలా చూసిన నెలలన్నిటికీ వడ్డీతో సహా తిట్టాను. మీ దగ్గరికి వచ్చేద్దామనుకున్నదీ చెప్పేశాను. పాత టీపొడి సంగతి కూడా. తల వంచుకుని అన్నీ విన్నారు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే మెల్లగా అన్నారు, "వచ్చావా పొంగూ."

తర్వాత తన గ్లాసు కూడా నా వైపు జరిపి, "ఇది నిజంగా ఎలా ఉందో చెప్పు. అబద్ధం వద్దు" అన్నారు. చెప్పాను. అట్టపెట్టె, తడిగుడ్డ, వాన నీళ్లు దిగిన బీరువా. ఆయన కళ్లు మూసుకుని "ఇంకా?" అన్నారు. నాకు తోచినవన్నీ వెతికి వెతికి చెప్పాను. అయిపోయాయన్నా "ఇంకా?" అంటూనే ఉన్నారు. చీకటి పడ్డాక గానీ దీపం వెయ్యలేదని గుర్తు రాలేదు.

ఈ వారంలోనే ఆఫీసులో నిజం చెప్పేస్తానన్నారు. గోడౌన్లోకో, పద్దుల గదిలోకో మారుస్తారు. జీతం తగ్గుతుంది. తగ్గితే తగ్గనివ్వండి, ఎంతలో సర్దాలో నేను చూసుకుంటాను.

ఆ సీసా కొనదగిందేనా అని మీరు తప్పకుండా అడుగుతారు. చెడిపోయింది కాబట్టే కొనదగింది వదినా. అది బాగుండి ఉంటే ఆయన అబద్ధం నిజమైపోయేది. ఇద్దరం "బాగుంది, బాగుంది" అనుకుని ఎవరి గదిలోకి వాళ్లం వెళ్లిపోయేవాళ్లం.

ఖాళీ డబ్బాలో మళ్లీ చిల్లర వేస్తున్నాను. నిండడానికి ఈసారి ఎక్కువ కాలమే పడుతుంది. ఇద్దరికి, పైగా రానూపోనూ.

ఇంకా రాయాలని ఉంది గానీ, స్టవ్ మీద పాలు పెట్టి వచ్చాను. వాసన తెలియదు కాబట్టి కళ్లతో కాపలా కాస్తానని మీ తమ్ముడు అక్కడే పీట వేసుకుని కూర్చున్నారు. "పొంగూ, పొంగూ!" అని కేకలు పెడుతున్నారు. పిలుస్తున్నది నన్నో, చెబుతున్నది పాల సంగతో. వెళ్లి చూడాలి.

మీ మరదలు,
పొంగు