మీ కలువల తొట్టి

ఏమండీ,

నిన్న మీ సంవత్సరీకం అయింది. ఈ ఉదయం చూస్తే పై వాటాలో అద్దెకుండే అరుణ కూతురికి ఒళ్ళు కాలిపోతోంది. "రెండ్రోజులు జూద్దాం పెద్దమ్మా" అంది అరుణ. అచ్చం మీ మాటే. మీ డెంగ్యూకి ఆ రెండ్రోజులే సరిపోయాయి. తల్లీకూతుళ్ళను ఆటో ఎక్కించి, దిల్‌సుఖ్‌నగర్‌లో రక్తపరీక్ష చేయించి తీసుకొచ్చాను.

రాగానే డాబా ఎక్కి, కూలర్‌లో నీళ్ళు పారబోయమని పక్కింటి రాములు మీద కేకలేశాను.

"నాది నిన్ననే ఎండబెట్టిన. మీ సార్ తొట్టి సంగతేంది పెద్దమ్మా?" అన్నాడు వాడు.

మీ కలువల తొట్టిని ఏడాదిగా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. వంగి చూశాను. మీరు వదిలిన చేపలు ఎప్పుడో పోయాయి. నీళ్ళ నిండా దోమపిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. రేపు విచ్చే మొగ్గ ఒకటి ఉంది. దానితో సహా వంచేశాను.

రిపోర్టు సాయంత్రానికి వస్తుందట. బోర్లించిన తొట్టి మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. ఎండ మాడ్చేస్తోంది, కిందికి దిగొచ్చు. దిగితే అరుణ నా మొహం చూస్తుంది.