సున్నం బెల్లం పట్టు

మస్కట్,
శుక్రవారం మధ్యాహ్నం

ప్రియమైన మేరీ అక్కకు, చెల్లెలు సుగుణ వందనాలు చెప్పి రాస్తున్న సంగతులు.

నువ్వు, బావగారు, నా పండు ముగ్గురూ ఆరోగ్యంగా ఉన్నారని ఆశ. బావగారి మోకాలు ఎలా ఉంది? వానలో చేపల చెరువు గట్టు మీద తిరగవద్దని నా మాటగా చెప్పు. వినరని తెలుసు, అయినా చెప్పు. పండు ఆరో తరగతి పుస్తకాలకు అట్టలు వేసుకుందా? దాని జడ మరీ బిగించి వెయ్యకు, తలనొప్పి అంటుంది.

వేరే ఉత్తరాల్లో అయితే ఈపాటికి "నేనిక్కడ క్షేమం" అని రాసేసేదాన్ని. ఈసారి ఆ మాట దగ్గర పెన్ను ఆగింది. లేచి తిరుగుతున్నాను, తింటున్నాను, పని చేసుకుంటున్నాను, దిగులు పడకు. కానీ ఒక సంగతి ఉంది. ఫోన్లో చెబితే నువ్వు ఏడుస్తావు, కార్డులో నిమిషాలన్నీ నీ ఏడుపుకే సరిపోతాయి. ఉత్తరమైతే ఎంత ఏడ్చినా అక్షరాలు ఎక్కడికీ పోవు. ఇందులో సగం నా సంగతి, సగం నీ సంగతి. చివరిదాకా చదువు. మధ్యలో కాగితం పక్కన పడేసి బావగారిని కేకేసి పిలిచావంటే నా మీద ఒట్టే.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. బట్టలు ఆరేసి వెనక్కి తిరిగేలోపు ఎండిపోతాయి. మేడం మంచిదే, కోపం వస్తే అరుస్తుంది, పోతే మళ్ళీ తనే పిలిచి టీ ఇస్తుంది. అన్నం దొరుకుతుంది కానీ మన చేపల పులుసు రుచి ఎక్కడిది? తెలుగు మాట వినబడేది శుక్రవారం, ఇక్కడి సెలవురోజున, చర్చి ఆరాధనలోనే. ఆ రెండు గంటలూ కడుపు నిండినట్టుంటుంది. తిరిగి వచ్చాక గదిలో ఒక్కదాన్నే కూర్చుంటే పండు గొంతు చెవిలో వినిపిస్తూనే ఉంటుంది.

సరే, అసలు సంగతికి వస్తాను. కిందటి నెల చేపలు బాగుచేస్తుంటే ఎడమచేతి వేలికి ముల్లు దిగింది. కొల్లేటి పక్కన పుట్టినదానికి అదొక లెక్కా? కట్టు కట్టుకుని ఊరుకున్నాను. తర్వాత స్నానం చేస్తుంటే ఎడమ చంకలో గట్టిగా ఏదో చేతికి తగిలింది. మనకు తెలిసిందేగా, ముల్లు గుచ్చుకుంటే చంకలో బిళ్ళ కడుతుంది. అందుకే నీకు ఫోన్ చేశాను. నువ్వేమన్నావో గుర్తుందా?

"ఓసి పిచ్చిమొహమా, దానికెందుకే అంత కంగారు? సున్నం, బెల్లం నూరి పట్టు వెయ్యి. నాకూ ఉందిగా అలాంటిది, నిరుటినుంచీ. చింతగింజంత. నొప్పీ లేదు, గిప్పీ లేదు."

నువ్వు చెప్పాక ఇక ఆలోచించేదేముంది? మన వీధిలో ఎవరికి గడ్డ లేచినా నీ గుమ్మంలోకే వస్తారు కదా. పక్కింట్లో వంట చేసే బెంగాలీ ఆయన తమలపాకులు వేసుకుంటాడు, ఆయన్ని అడిగి సున్నం తెచ్చుకున్నాను. బెల్లం వంటింట్లోదే. పట్టు వేశాను. మంట పుట్టింది. మంట పుడితే పని చేస్తున్నట్టేనని నువ్వంటావుగా, అందుకని మళ్ళీ వేశాను. వేస్తూనే ఉన్నాను. చివరికి చర్మం కమిలి, బొబ్బలు లేచి, చెయ్యి పైకెత్తలేని స్థితికి వచ్చాను. ఒకరోజు మేడమీద దుప్పటి ఆరేస్తూ తీగ అందుకోలేక ఒంటిచేత్తో అవస్థ పడుతుంటే మేడం చూసింది. జాకెట్టు పక్కకు జరిపి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రమే కారెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ స్కానింగు గదిలో ఒక సిస్టరు హిందీలో ఏదో చెప్పింది. నేను చెయ్యి ఎత్తబోయి "అమ్మా, ప్రభువా" అన్నాను. ఆవిడ టక్కున ఆగిపోయింది.

"తెలుగువాళ్ళాండీ? ఏ ఊరండీ మీది?"

"మండవల్లండీ."

"మాది గూడెం అండీ! తాడేపల్లిగూడెం. ఏవండీ, ఇదేంటండీ, సున్నం బెల్లం పెట్టారా?"

"మా అక్క పెట్టుకోమందండీ."

"ఎన్నాళ్ళు పెట్టారండీ?"

"తగ్గేదాకా పెట్టమందండీ."

అంత బాధలోనూ నవ్వు వచ్చింది అక్కా. ఆవిడ పేరు విమల. డాక్టరమ్మ లోపలికి వచ్చి ఆ ఎరుపు చూడగానే మొహం ముడిచింది. ఏదో జబ్బు చర్మం దాకా వచ్చేసిందని అనుకుందట. విమల సిస్టరు సున్నం సంగతి విడమరిచి చెప్పాక కాస్త తేరుకుంది. "చర్మం సంగతి అది కావచ్చు, లోపల ఏముందో చూడాలి" అందట.

స్కాను అంటే ఏమిటోనని భయపడ్డాను కానీ ఏమీ లేదే. పడుకుని చెయ్యి తలకింద పెట్టుకోవాలి. చల్లటి జిగురు రాసి, చేతిలో ఇమిడే పరికరం ఒకటి చంకలో మెల్లగా నడిపిస్తారు. లోపలున్నది టీవీలో కనబడుతుంది. కొయ్యడం లేదు, సూది లేదు. చూసేది ఆడవాళ్ళే, తలుపు వేసి ఉంటుంది. ఇదంతా ఎందుకు ఇంత వివరంగా రాస్తున్నానో తర్వాత నీకే తెలుస్తుంది.

చంకలో రెండు బిళ్ళలు ఉబ్బి ఉన్నాయి. విమల సిస్టరు నాకు చూపించింది. మామూలు బిళ్ళ చిక్కుడు గింజలా కోలగా ఉండి మధ్యలో తెల్లగా కనబడుతుందట. ఒకటి అలాగే ఉంది, పుండుకో మంటకో ఉబ్బినదిలా. రెండోది గుండ్రంగా, నల్లగా ఉంది. మధ్యలో తెలుపు లేదు. డాక్టరమ్మ దాని దగ్గరే చాలాసేపు ఆగింది. తర్వాత ఆ పరికరాన్ని కిందికి, రొమ్ము పక్కకి తీసుకువచ్చింది.

అక్కడ ఉందక్కా. శనగగింజంత. లోతుగా ఉండడంతో నా చేతికి ఏనాడూ తగల్లేదు.

"రొమ్ములో మొదలైన జబ్బు ఎక్కువగా ముందు చంకలో బిళ్ళలకే వస్తుందండీ. అందుకే రెండూ కలిపి చూస్తారు" అంది విమల సిస్టరు. "బొమ్మ చూసి అనుమానమే పడగలమండీ. సూదితో కాస్త తీసి పరీక్షకి పంపితేనే తేలేది."

రొమ్ములోంచీ, ఆ రెండు బిళ్ళల్లోంచీ సూదితో తీశారు. స్కాను చూసుకుంటూనే సూది సరిగ్గా అక్కడికే పోనిచ్చారు. నొప్పి ఓర్చుకోగలిగినంతే. రిపోర్టు ఇంకా రాలేదు. ఇప్పటికి ఇక్కడ ఆపుతాను, మేడం పిలుస్తోంది.

బుధవారం

రిపోర్టు వచ్చింది. రొమ్ములోది కాన్సరే. చిక్కుడు గింజలాంటి బిళ్ళలో ఏమీ కనబడలేదట. అది నీ పట్టు మంటకు ఉబ్బి ఉంటుందన్నారు. గుండ్రటిదాంట్లో మాత్రం ఉంది. ఊపిరితిత్తులు, కాలేయం అన్నీ చూశారు, ఎక్కడా కనబడలేదన్నారు. చంక దగ్గరే ఆగింది. ముందు మందులు ఎక్కించి, తర్వాత ఆపరేషను చేసి, ఆ బిళ్ళలు కూడా తీయాలట. తగ్గే అవకాశం బాగానే ఉందనీ, ఆలస్యం మాత్రం చేయవద్దనీ చెప్పింది డాక్టరమ్మ. మందులకు జుట్టు ఊడుతుందట. పోతే పోనీ, మళ్ళీ వస్తుంది.

అబద్ధం ఎందుకు, భయం వేసింది. బాత్రూములో కుళాయి వదిలి ఏడ్చాను. పండు పెళ్ళీడుకు వచ్చేదాకా ఉంటానా అనిపించింది. తర్వాత మొహం కడుక్కుని మేడానికి చెప్పాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కూర్చుంది. ఇంటికి వెళ్ళి మీవాళ్ళ మధ్య వైద్యం చేయించుకో, టికెట్టు నేను తీస్తాను అంది. వచ్చే నెల మొదట్లో వస్తున్నాను. బెజవాడలో చూపించుకుందాం. పండుకు సెలవు మీద వస్తున్నానని మాత్రం చెప్పు, తక్కినది నేనే చెప్పుకుంటాను.

ఇప్పుడు నువ్వేం చేస్తున్నావో నాకు తెలుసు. గుండెలు బాదుకుంటున్నావు. నేనే చెప్పి చెల్లెలి చేత సున్నం పూయించానే అని. ఆపు. నా మాట విను. ఆ పట్టు వేసుకోకపోతే చంక కాలేది కాదు, చంక కాలకపోతే మేడం కంట పడేది కాదు. నొప్పి లేని బిళ్ళ కదా అని ఏడాదో రెండేళ్ళో మోసుకు తిరిగేదాన్ని. నీ పట్టు బిళ్ళను కరిగించలేదు కానీ నన్ను ఆసుపత్రి గుమ్మం ఎక్కించింది. అందుకు నీ కాళ్ళు మొక్కినా తప్పులేదు.

కానీ ఇకమీదట ఎవరికీ వెయ్యకు. చర్చిలో స్త్రీల కూడికలో నా సంగతి చెప్పు. సుగుణకు ఒంట్లో బాగాలేదు, ప్రార్థన చెయ్యండి అని గొణిగి ఊరుకోకు. పేరు పెట్టి, జబ్బు పేరు పెట్టి చెప్పు. నాకు సిగ్గు లేదు, నువ్వూ సిగ్గుపడకు. నొప్పి లేదని ఎవరైనా అంటే, నొప్పి లేకపోతే మరీ వెళ్ళండి అని చెప్పు.

ఇక నీ సంగతి. నిరుటినుంచీ ఉన్న చింతగింజ. చూపించుకోమని నేను ఫోన్లో అంటే ఇదిగో అదిగో అంటావు. చెరువులో చేపల పట్టుబడి అయ్యాక అంటావు, పండు పరీక్షలయ్యాక అంటావు, బావగారు తీసుకెళ్ళాలంటావు. మనిద్దరం ఒకే తల్లి కడుపున పుట్టాం అక్కా. అది ఉత్త బిళ్ళే అయి ఉండాలని మోకరించి ప్రార్థిస్తున్నాను. ఏమీ లేదని తేలితే నన్ను నోరారా తిట్టు, సంతోషంగా పడతాను. కానీ అది స్కాను బొమ్మ చెప్పాలి, నీ చెయ్యి చెబితే చాలదు.

నీతో వాదించి నేను గెలవలేనని నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. బావగారికి నా నమస్కారాలు, పండుకు ముద్దులు, పాస్టరుగారికీ పాస్టరమ్మగారికీ వందనాలు. నీ దీవెన నాకు కావాలి.

ఇప్పుడు ఒకసారి తలెత్తి చూడు. ఈ కవరు నీ చేతికిచ్చి, నువ్వు చదవడం అయ్యేదాకా మన గుమ్మంలో కూర్చున్న ఆవిడే విమల సిస్టరు. సెలవు మీద గూడెం వచ్చింది. ఏలూరులో ఒక డాక్టరమ్మతో నీ స్కాను గురించి మాట్లాడి పెట్టింది. మంచినీళ్ళిచ్చి, చీర మార్చుకుని, ఆవిడతో బస్సెక్కు.

నీ చెల్లెలు,
సుగుణ