ఊపిరి ఒగ్గీమంటే

మల్కాపురం,
బుధవారం.

ప్రియమైన తాయారుకి,

నీ మావ రాసేది. నాను బాగానే ఉన్నాను. ఫోన్ ఎత్తడం నేదని కోపమొచ్చుంటాది నీకు. ఆదివారం ధనశ్రీ కూర గిన్నె ఒట్టుకొచ్చి, "ఈ కాలంలో ఉత్తరాలేటి నాన్నా? అమ్మున్నది ఎలమంచిల్లో పిన్నింట్లోనే కదా" అని నవ్వింది. కూతురికి ఏటని సెప్తాను? నీకైతే సెప్తాను. ఫోన్లో నువ్వు నా మాట వినవు తాయారూ. నా ఊపిరి వింటావు. "మీ చెల్లి కాలెలగున్నాది" అని నానడిగితే, "ఆగు, ఎందుకలగ రొప్పుతన్నావు" అంటావు. నువ్వలగ అన్నాక నిజంగానే రొప్పొత్తాది. కాయితమైతే నయం. మద్దిలో ఎన్నిసార్లు ఆగానో నీకు తెల్దు.

నువ్వెల్లిన కాడ నుంచీ ఒక్క సోట కుదురుగా కూకోనేకపోతన్నాను. మంచమ్మీద కూకుంటే గుమ్మంలోకి ఎల్లాలనిపిత్తాది. గుమ్మంలోకెల్తే లారీల దుమ్ము సూసి తలుపేసీయాలనిపిత్తాది. తలుపేత్తే గాలాడదని బయం. నిన్న మంచాన్ని కిటికీ కాడికి లాగాను. బాగోలేదని మళ్ళీ గోడ కాడికి లాగాను. ఆ లాగుడుకి ఆయాసమొచ్చి దాని మీదే కూలబడ్డాను. పేకాటోళ్ళు పిలిసినా ఎల్లలేదు. ఏటీ సెయ్యాలనిపించదు, అలాగని ఊరికే ఉండబుద్దీ కాదు.

ఊపిరితిత్తుల డాక్టరు కాడికెల్లాను. బొగ్గు రేవు పనిలో దుమ్మూ, నా బీడీలూ కలిసి పాడుసేసింది ఇంక ఎనక్కి రాదన్నాడు. కానీ నిన్ను రోజూ తినేత్తన్నది అదొక్కటే కాదు, బయమూ, దిగులూ అన్నాడు. బయమేత్తే బేగి బేగి పీలుత్తామంట. లోపలున్న పాత గాలి పోకుండానే కొత్త గాలి కోసం ఎగబడతామంట. అందుకని మందులతో పాటు మద్దిలపాలెంలో ఒక క్లాసుకి ఎల్లమన్నాడు. నిన్న మంగళారం ఎల్లాను.

జ్యోతిర్మయని ఒక పిల్ల నేర్పుతాది. విజయవాడ వైపు పిల్ల. ప్రతిదానికీ అండీ అంటాది. "పిడికిళ్ళు బిగించండి, ఇప్పుడు వదిలేయండి. భుజాలు బిగించండి, వదిలేయండి. ఇప్పుడు మెల్లగా ఊపిరి వదిలేయండి" అంది. నా పక్కన పైడయ్యని ఒక టైలరు కూకున్నాడు. ఆడిదీ మన జబ్బే. "ఊపిరొగ్గీమంటాదేటి బావా, అందుకేనా మనం బస్సెక్కొచ్చినాం?" అన్నాడు. అందరం నవ్వాం. నవ్విన పాపానికి అందరం దగ్గాం.

తరవాత కళ్ళు మూసుకొని ప్రశాంతంగా ఉన్న సముద్రాన్ని తలుసుకోమంది. నాకు సముద్రమంటే ఏటి తెలుసు? క్రేను నోట్లోంచి బొగ్గు జారుతాది, నల్ల దుమ్ము లేత్తాది. కళ్ళు తెరిసీసాను. ఇంక ఎల్లను.

నువ్వెప్పుడొత్తావు? బేగి రా.

సెయ్యి నొప్పెడతన్నాది, ఇక్కడితో ఆపుతాను.

నీ మావ,
జగ్గారావు

•

ఎలమంచిలి,
సోమవారం.

ప్రియమైన మావకి తాయారు రాయునది,

నీ ఉత్తరం ముందు సదివాను. తరవాత అచ్చరాలు ఎక్కడ వంకరపోయాయో సూసాను. డాక్టరు సంగతి రాసిన కాడ వంకరపోయాయి. అప్పుడు ఆయాసమొచ్చిందా? ఒచ్చినా రాయవు నువ్వు.

మందు పీల్చే పంపు తలగడ పక్కనే ఎట్టుకో. బీరువాలో దాసకు. నీళ్ళగదికి గెడ ఎయ్యకు. లోపల ముక్కాలి పీటేసుకొని కూకొనే పోసుకో. మరీ మరిగిన నీళ్ళు ఒద్దు, ఆవిరి నీకు పడదు. పక్కింటోళ్ళకి సెప్పొచ్చాను, పొద్దున్నే ఓసారి కేకేత్తారు. పలుకు. కోపం తెచ్చుకోకు.

చిట్టమ్మ కాలికి కట్టు ఉన్నాది. కట్టు ఇప్పాక వొత్తాను. ఎప్పుడిప్పుతారో ఇంకా సెప్పనేదు.

నాకూ ఇక్కడ కుదురు నేదు మావా. పాలు పొంగితే ఉలిక్కిపడతన్నాను. రోడ్డు మీద ఎవరో దగ్గితే లేసి నిలబడతన్నాను. "కూకోయే అక్కా, నిన్ను సూత్తంటే నాకు కళ్ళు తిరుగుతన్నాయి" అంటాది చిట్టమ్మ.

ఆ క్లాసు మానకు. నామీద ఒట్టు. ఆ పిల్ల ముందు పిడికిళ్ళు బిగించమంటాదా, బుజాలా? ఎంతసేపు బిగించాలి? ఒగ్గేసినాక ఏటి సెయ్యాలి? సరిగ్గా రాయి. ఊరికే ఎటకారాలు కాదు.

ఏళకి తిను.

నీ తాయారు

•

మల్కాపురం,
శనివారం.

ప్రియమైన తాయారుకి,

నీ ఒట్టుకి బయపడి మళ్ళీ ఎల్లాను. అడిగావు కదా, రాత్తన్నాను. ముందు పిడికిళ్ళు. ఆ తరవాత మోసేతులు, బుజాలు, మొకం, ఆఖరికి కాళ్ళు. నొప్పెట్టేలాగ కాదు, అక్కడ ఉన్నాదని తెలిసేలాగ బిగించాలి. ఒక్కసారి ఒగ్గేయాలి. ఒగ్గేసినాక ఏటీ సెయ్యకూడదు. అదే కష్టం. ఊపిరి ముక్కుతో తీసి, ఈలేసినట్టు పెదాలు సున్నా సుట్టి మెల్లిగా ఒగ్గాలి. తీసిన దానికన్నా ఎక్కువసేపు ఒగ్గాలి.

సముద్రం నావల్ల కాదమ్మా అని సెప్పీసాను. "సముద్రమే అక్కర్లేదండీ, మీకు హాయిగా ఉన్న చోటేదో అదే అనుకోండి" అంది. సేనా ఎతికాను. ఆఖరికి మన వీధి సెలూను కుర్సీ దొరికింది. గెడ్డం గీసినాక తడి తువ్వాలు మొకమ్మీద ఏత్తాడు సూడు, అది. పైడయ్యకేటి దొరికిందో తెలుసా? కరెంటు పోయి కొట్లో మిసన్లన్నీ ఆగిపోయిన మద్యాన్నం. "అప్పుడు ఒక్క కస్టమరూ అరవడు బావా" అంటాడు.

ఇప్పుడు రాసేది సదివి బయపడకు. ఇక్కడ కూకొని రాత్తన్నానంటే బతికే ఉన్నాననే కదా.

మొన్న నీళ్ళు పోసుకుంతంటే పట్టేసింది. లోపలికీ రాదు, బయటికీ పోదు. పంపేమో గదిలో ఉండిపోనాది. "తాయారూ" అని అరుద్దామంటే ఊపిరి సాల్నేదు, అరిసినా నువ్వు నేవు. పోతాననే అనుకున్నాను. సూత్తే నా సేతులు బకెట్టు అంచుని ఎంత గట్టిగా ఒట్టుకున్నాయో! బిగించమని ఎవరూ సెప్పకుండానే ఒళ్ళంతా బిగిసిపోయి ఉన్నాది. మరింక ఒగ్గడమే మిగిలింది. ముందు బొటనేలు ఒగ్గాను. తరవాత మిగతా ఏళ్ళు. బుజాలు దించాను. పెదాలు సుట్టి ఒగ్గాను, ఒగ్గాను, ఇంకా ఒగ్గాను. అప్పుడు దానంతటదే కొంచెం లోపలికొచ్చింది. గోడ ఒట్టుకొని గదిలోకొచ్చి పంపు పీల్చాను. ఈ క్లాసు పంపుకి బదులు కాదని ఆ పిల్ల గట్టిగా సెప్పింది. కూకొని కాసేపు ఏడ్సాను. తరవాత ఆకలేసింది. సేనాళ్ళకి ఆకలేసింది తాయారూ, రెండు సార్లు ఒడ్డించుకున్నాను.

ఆ దైర్యంతోనే నిన్న ఒక్కడినీ ద్వారకా నగర్ ఎల్లాను, పంపు మందు కొందామని. బస్సుల కాంప్లెక్సు కాడ నాను దిగుతంటే ఎవురు కనబడ్డారో తెలుసా? మీ చెల్లి. సేతిలో బట్టల కొట్టు సంచీ. గబగబా నడిసెల్తన్నాది.

"చిట్టమ్మా!" అన్నాను.

అదిరిపోనాది. "బావా... నువ్విక్కడేటి?"

"కాలెలగున్నాదే?"

"బాగానే ఉన్నాది బావా."

"కట్టేదీ?"

"ఎప్పుడో ఇప్పీసారు కదా" అనీసి నోటికి సెయ్యడ్డం ఎట్టుకుంది. "నన్నడక్కు బావా. అక్కనడుగు" అని బస్సెక్కీసింది.

అందుకని నిన్నడుగుతన్నాను. చెల్లి కాలు బాగుంటే నువ్వక్కడ ఎందుకున్నావు? ఈ రోగిష్టోడితో ఇసుగొచ్చిందా? వొత్తే వొచ్చిందని రాయి. నాను పడగలను. తెలియకపోతేనే పడనేను.

జగ్గారావు

•

మల్కాపురం,
శుక్రవారం.

తాయారుకి,

నీ కాడ నుంచి ఉత్తరం నేదు. పోస్టబ్బాయి మన గుమ్మం దాటి ఎల్లిపోతంటే, ఎనక్కి పిలిసి సంచీ మళ్ళీ సూడమన్నాను. ధనశ్రీనడిగాను. "నువ్వూ అమ్మా మాటాడుకోండి నాన్నా" అని తల దించుకుంది. దానికీ తెలుసన్నమాట, నాకొక్కడికే తెల్దు.

ఫోన్ సేసాను. నువ్వెత్తేలోగా నానే కట్ సేసాను. కాంప్లెక్సుకెల్లి ఎలమంచిలి బస్సెక్కి కూకున్నాను. కండక్టరు వొచ్చేలోగా దిగిపోనాను. మీ చెల్లి గుమ్మంలో నిలబడి నన్ను సూసి నువ్వు మొకం తిప్పుకుంటే, మళ్ళీ అంత దూరం ఎలగ రాగలను?

ఈ వారం క్లాసులో పిడికిలి బిగించాను గాని ఒగ్గనేకపోనాను. జ్యోతిర్మయి నా కాడికొచ్చి "ఏమైందండీ" అంది. ఏటీ నేదన్నాను.

ఒక్క ముక్క రాయి.

జగ్గారావు

•

ఎలమంచిలి,
గురువారం.

ప్రియమైన మావకి,

రాసి సింపీసి, రాసి సింపీసి ఇది రాత్తన్నాను.

చిట్టమ్మ కాలు బెణికిన మాట నిజమే. కట్టు వారానికే ఇప్పీసారు. నానొచ్చింది దాని కాలి కోసం కాదు.

నువ్వు పడుకున్నప్పుడు ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మద్దిన కొంచెం ఆగుతాది. అది ఆగినప్పుడు నాదీ ఆగిపోయేది. నీది మళ్ళీ కదిల్తే నాదీ కదిలేది. ఎన్నాళ్ళు అలగున్నానో తెల్దు. ఒకరోజు రైతుబజార్లో వంకాయలు ఏరుతంటే గుండెలు పట్టేసాయి. సేతులు తిమ్మిర్లు, కళ్ళు సీకట్లు. నీ జబ్బే నాకూ ఒచ్చీసిందనుకున్నాను. ఇంటికొచ్చి నీకు అన్నం ఎట్టాను. సెప్పనేదు. తరవాత వొంటింట్లో వొచ్చింది, గుళ్ళో వొచ్చింది. నీ మందులు కొనే కొట్టు కాడ వొచ్చినప్పుడు ధనశ్రీ పక్కనుంది. అదే బలవంతాన నన్నిక్కడికి పంపింది.

ఇక్కడి డాక్టరు అన్నీ సూసాడు. "నీ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయమ్మా" అన్నాడు.

"మరి ఊపిరెందుకాడదు బాబూ?" అన్నాను.

"ఇంట్లో ఎవరికైనా జబ్బా?" అన్నాడాయన. అంతే. అక్కడ అందరి ముందూ ఏడిసీసాను.

ఇది బయమేనంట, దీనికీ మందుంటాదంట. కొన్నాళ్ళు ఆ ఇంటికి దూరంగా ఉండి నిద్దరపొమ్మన్నాడు. నీకెలగ సెప్పను? సెప్తే ఆ బయం కూడా నీ గుండెల మీదే ఏసినట్టు కదా.

ఇసుగు కాదు మావా. ఇసుగైతే ఒక కసురు కసిరి మళ్ళీ మామూలైపోదును. రావాలని ఉన్నాది. సంచీ సర్దుతాను. సర్దినాక గుమ్మం దాటనేక మళ్ళీ ఇప్పీత్తాను.

నువ్వు రాసినట్టే తలుపేసుకొని పిడికిళ్ళు బిగించి ఒగ్గుతన్నాను. చిట్టమ్మ నవ్వుతాది. నాకింకా సోటేదీ దొరకనేదు. ఏ సోటు తలుసుకున్నా అక్కడ నువ్వు దగ్గుతా కనబడతన్నావు.

నీ తాయారు

•

మల్కాపురం,
బుధవారం.

ప్రియమైన తాయారుకి,

నిన్న ఎలమంచిలి బస్సు కదిల్తంటే కిటికీలోంచి నువ్వు నాకేసి సూడనేదు. కోపమొచ్చిందని తెలుసు. అందుకే పొద్దున్నే రాయడానికి కూకున్నాను. నువ్వు నిద్దరపోతంటే జరిగింది నీకు తెల్దు, అది ముందు సెప్తాను.

నీ ఉత్తరం సదివి జ్యోతిర్మయితో ఉన్నదున్నట్టు సెప్పాను. "ఆవిడను కూడా రమ్మనండి, ఇది ఇంట్లో ఇద్దరికీ వచ్చే బాధేనండీ" అంది. ధనశ్రీ నీకు ఫోన్ సేసింది, నువ్వొచ్చావు. వొచ్చి నా పక్కన కూకున్నావు. ఆ పిల్ల పిడికిళ్ళు అంది, నువ్వు బిగించావు. వదిలేయండి అంది, నువ్వు ఒగ్గేసావు. బుజాల కాడికొచ్చేసరికి నీ తల నా మీద వాలింది. మొకం, కాళ్ళు నీకు తెల్దు. నువ్వు నిద్దరపోనావు.

క్లాసయిపోనాది. అందరూ సెప్పులు సేత్తో ఒట్టుకొని ఎల్లారు. పైడయ్యకి దగ్గొత్తే నోరు మూసుకొని బయటికి పరిగెట్టాడు. ఆ రోగం మనిషి పరిగెట్టడం ఎప్పుడైనా సూసావా? జ్యోతిర్మయి తరవాతి క్లాసు పక్క గదిలో ఎట్టుకుంది. నా సెయ్యి మొద్దుబారిపోనాది గాని కదపనేదు. నీ నుదిటి మద్దిన ఆ ముడి, అది పుట్టుమచ్చలాగ ఎప్పుడూ ఉంటాదనుకున్నాను. అది పోనాది. నిన్ను సేసుకున్నప్పుడు నీ మొకం ఎలగుండేదో నాకప్పుడు గుర్తొచ్చింది.

తరవాత నువ్వు కళ్ళు తెరిసావు. తెరవగానే ఎక్కడికి సూసావో తెలుసా? నా గుండెల మీదకి. లేత్తన్నాయా, పడతన్నాయా అని. ముడి మళ్ళీ వొచ్చీసింది.

ఓటల్లో ఇడ్లీ తింటా నువ్వడిగావు: "మావా, ఇంటికొచ్చీనా?"

నాను "ఒద్దు" అన్నాను.

ఇన్నాళ్ళూ బేగి రా, బేగి రా అని రాసినోడిని. ఆ మాట నా నోట ఎలగొచ్చిందో నాకే తెల్దు. నీ మొకం నల్లబడిపోనాది. "సరే" అనీసి సెయ్యి కడుక్కున్నావు. కాంప్లెక్సు దాకా నాకన్నా ముందే నడిసావు.

నిన్నొద్దనడం కాదు తాయారూ. ఇప్పుడొత్తే నువ్వు మళ్ళీ కాపలాకి కూకుంటావు. నాను మళ్ళీ నీ కళ్ళు సూసి బయపడతాను. నా బయం సూసి నువ్వు. అలగే ఇద్దరం ఇక్కడిదాకా వొచ్చాం. నాకు బయం నేదని రాత్తే అది అబద్దం. నిన్న తాళం తీసుకొని ఇంట్లోకొచ్చినప్పుడు బుజాలు వాటంతటవే బిగిసాయి. కూకొని ఒగ్గేసాను. అన్నం వొండుకున్నాను. ఇంకా బతిమాలితే నువ్వొచ్చీసేదానివని అనిపించింది. అనిపించినా బతిమాలను.

ముందు నువ్వు నిద్దరపో. చిట్టమ్మింట్లో పో, బస్సులో పో, నీకెక్కడ పడితే అక్కడ పో.

మంగళారం రా. నా పక్కన కూకో. ఇడ్లీ తిని బస్సెక్కి ఎల్లిపో. మళ్ళీ మంగళారం రా. అలగే కొన్నాళ్ళు జరగనీ. ఎప్పుడో ఒక మంగళారం మాటల్లో పడి నువ్వు బస్సు సంగతి మర్సిపోతావు. ఆ రోజు నాను గుర్తుసెయ్యను.

నీ మావ,
జగ్గారావు