వంగిందా లేదా?

పెద్దమ్మకు,
నమస్కారాలు. నువ్వు ఫోనులో వినపడదంటావు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. ఒకందుకు మంచిదే. ఫోనులో అయితే నా గోడు సగంలోనే కోసేస్తారు.

ఈ ఇంట్లో నన్ను సరిగా చదివినవాళ్ళు ఒక్కరూ లేరు. అమ్మకు మోకాలి చిప్ప మార్చారు, చూసుకోవడానికి నేను వచ్చాను. "వచ్చాను" అన్నాను, గమనించు. పక్కవీధిలో ఉన్న అన్నయ్య మాత్రం కనిపించిన ప్రతివాళ్ళకీ "మా చెల్లి వచ్చేసిందండీ, ఇంక మాకు బెంగలేదు" అంటున్నాడు. వచ్చింది వేరు, వచ్చేసింది వేరు. ఆ ఒక్క "ఏ"లో నా జీవితం మొత్తం మడిచి పెట్టేశాడు. నాన్నేమో "దానికిప్పుడు వేరే పనేముందిలే" అంటారు. నేను గదిలో అటూ ఇటూ తిరిగితే "చిన్నప్పట్నుంచీ అంతే, కాలు నిలవదు" అని నవ్వుతారు. ఆలోచిస్తూ తిరుగుతున్నానని ఒక్కరికీ తోచదు.

నాకు ఉద్యోగం వచ్చింది పెద్దమ్మా. నదుల్లో నీటిమట్టం కొలిచే పని. ఊరూరా తిరగాలి, పడవలెక్కాలి, వానలో తడవాలి. వచ్చే నెల మొదట్లో చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ సంగతి ఇంట్లో చెప్పాను. "మంచిదే, చూద్దాం" అన్నారు. మనింట్లో "చూద్దాం" అంటే ఏమిటో నీకు తెలియంది కాదు.

మందుల షాపు అబ్బాయి సంబంధం గురించి నువ్వు రాసిన పేజీ చదివాను. మడిచి పెట్టాను. దానికి జవాబు లేదు.

చివర అమ్మ ఎలా ఉందని అడిగి, కింద "ఇంతకీ వంగిందా లేదా?" అని ఒక్క ముక్క రాశావే, దానికి మాత్రం జవాబు ఉంది. ఇంకా వంగలేదు. రోజూ కూర్చోబెట్టి వంచాలని చూస్తున్నాం. చెయ్యి వెయ్యకముందే కేకలు. నాన్న పేపరు పట్టుకుని వరండాలోకి పారిపోతున్నారు. ఫిజియో ఆవిడ వచ్చి వెళ్తోంది. "ముందు బాగా ఐసు పెట్టండి, మెత్తబడ్డాక వంచండి, ఇప్పుడు వంచకపోతే జన్మలో వంగదు" అని భయపెట్టింది. నాకు వెళ్ళే దారి తెరుచుకోవాలంటే అది వంగాలి. అందుకని నేనూ పంటిబిగువున ప్రయత్నిస్తున్నాను.
ఇట్లు,
నీ తూనీగ

తా.క.: ఆ పేరు నువ్వే పెట్టావు. తూనీగని జాడీలో పెట్టి మూత బిగిస్తే ఏమవుతుందో కూడా కాస్త మీ చెల్లెలికి రాయి.

*

చిరంజీవి తూనీగకు,
పెద్దమ్మ దీవెనలు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఒకసారి కళ్ళజోడుతో, ఒకసారి కన్నీళ్ళతో.

ఇల్లెగిరిపోయేలా కేకలు పెట్టేదాకా వంచడమేమిటే! మీ అమ్మది ఎప్పుడూ మోటు పద్ధతే. బలవంతాన వంచితే విరుగుతుంది గాని వంగుతుందా? ఆ ఫిజియో ఆవిడెవరో గాని లోకం తెలిసిన మనిషి. ఐసు పెట్టమంది చూడు, అదీ మాట. మంచి మాటలకు కరగనిదేదీ లేదు.

నాది పద్దెనిమిదో ఏటే వంగింది. మా అత్తగారు వంచింది. మొదట్లో ప్రాణం పోయినట్టుంటుంది. రాత్రుళ్ళు నిద్ర పట్టదు. ఆ తర్వాత అదే అలవాటైపోతుంది. ఇప్పటికీ అప్పుడప్పుడూ పట్టేస్తుంది, మీ పెద్దనాన్న ఎదురుగా ఉన్నప్పుడు మరీను. అయినా లాక్కొస్తున్నానా లేదా?

నీకై నువ్వే ప్రయత్నిస్తున్నానన్నావు చూడు, అక్కడ నా గుండె నిండింది. వంగిన రోజున నాకొక్క ముక్క రాయి. మిగతా సంగతంతా నేను చూసుకుంటాను.
ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క.: ఆ ఫిజియో ఆవిడకు పెళ్ళయిందా? కాకపోతే ఇంకొకరిని వంచే హక్కు ఆవిడకెక్కడిది?

*

పెద్దమ్మకు నమస్కారాలు.

నువ్వింత కష్టం పడ్డావని ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పనేలేదు. పద్దెనిమిదేళ్ళకే! మీ అత్తగారికి వైద్యం తెలుసని కూడా నాకు తెలియదు. అమ్మనడిగితే, "మా అక్కకా? ఎప్పుడు?" అని నోరు తెరిచింది. నువ్వు పుట్టింటివాళ్ళ దగ్గర కూడా దాచుకున్నావన్నమాట. పెద్దనాన్న ఎదురుగా ఉన్నప్పుడే ఎందుకు పట్టేస్తుందో ఫిజియో ఆవిడకు కూడా అంతుపట్టలేదు.

ఈ గదిలో రోజులు ఎలా గడుస్తున్నాయో చెప్పనా? మంచం పక్కన వాకరు. దాని మీద తువ్వాలు ఆరేస్తాం కాబట్టి, అవసరమైనప్పుడు ముందు తువ్వాలు తియ్యాలి. అమ్మ దర్జీ గదా, తను నడిచేది కూడా కొలుస్తుంది. "తలుపు దాకా రెండు మూరలు తక్కువ" అంటుంది. నేను జుట్టు దువ్వుతాను, పేపరు చదువుతాను, పేపర్లో వాళ్ళని ఇద్దరం కలిసి తిడతాం. మధ్యాహ్నం ఒక పక్కకి తిరిగి పడుకుని, మా ఇద్దరికీ కొత్తయిన మాటలు మాట్లాడుతుంది. తనకి బడి మాన్పించిన రోజు వేసుకున్న గౌను ఏ రంగో చెప్పింది. నిన్నటిదాకా నేను అడగలేదు, తనూ చెప్పలేదు. ఇన్నాళ్ళూ మేమిద్దరం కలిసి ఖాళీగా ఉన్న మధ్యాహ్నమే లేదు.

మళ్ళీ నేను తలుపువైపు చూస్తే చాలు, "వెళ్ళు, నీకు ఊపిరాడదు" అంటుంది. వెళ్ళి వీధి చివరిదాకా నడిచి వస్తాను. వచ్చేసరికి మొహం గోడవైపు ఉంటుంది.

అసలు కబురు. నిన్న వంగింది! పూర్తిగా కాదు, కొంచెం. నేను ఆనందంతో గట్టిగా అరిచాను, నాన్న అలవాటు చొప్పున వరండాలోకి పరుగెత్తారు. సాయంత్రానికి మళ్ళీ కర్రలా బిగుసుకుంది. అయినా ఫిజియో ఆవిడ "ఒకసారి వంగిందంటే ఇంక వెనక్కి పోదు" అంది. నువ్వు ముక్క రాయమన్నావు, రాశాను.
ఇట్లు,
తూనీగ

తా.క.: ఫిజియో ఆవిడకు పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. నీ ప్రశ్న చూపిస్తే, ఇంతవరకు ఏ రోగి బంధువులూ ఇది అడగలేదంది.

*

నా బంగారు తూనీగకు,
వంగింది! ఆ ఒక్క మాట చాలు. ఇంకేం రాయకు, మళ్ళీ బిగుసుకుంటావు. సాయంత్రానికి బిగుసుకోవడం ప్రతివాళ్ళకీ ఉండేదే, నాకూ జరిగింది.

ఉత్తరం చదివిన చేత్తోనే మందుల షాపు వాళ్ళింటికి వెళ్ళాను. ఆదివారం ఉదయం ఆ తల్లీ కొడుకూ మీ ఇంటికొస్తారు. అబ్బాయి నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదంటే, దగ్గు మందు అడిగితే మన దగ్గు తగ్గాక ఇస్తాడు. కానీ మనసు మంచిది. నువ్వు మాట్లాడు, అతను వింటాడు. ఇంతకంటే ఏం కావాలి?
ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క.: అవునే, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇన్ని ఉత్తరాలు రాశావు, అంతా నీ మెడ గొడవే. మీ అమ్మ మోకాలు ఎలా ఉందో ఒక్క ముక్కయినా రాశావా? నువ్వూ ఒక కూతురివేనా?

*

పెద్దమ్మకు,
నమస్కారాలు. నీ ఉత్తరం సోమవారం అందింది. వాళ్ళు ఆదివారమే వచ్చారు.

ఈసారి ప్రతి వాక్యానికీ కర్త పెట్టి రాస్తున్నాను. నువ్వూ అలాగే చదువు. వంగింది అమ్మ మోకాలు. నా మెడ కాదు. నా మెడ నీటి పైపులాగా నిటారుగా ఉంది. నేను రెండు ఉత్తరాల నిండా రాసింది అమ్మ మోకాలి గురించే. నువ్వు రెండు ఉత్తరాల నిండా చదివింది నా పెళ్ళి గురించే.

ఆదివారం ఏమైందో చెబుతాను. గంట మోగింది. తల మీద తువ్వాలుతో, చేతిలో ఐసు సంచితో నేను తలుపు తీశాను. ఆ అబ్బాయి తల్లి నన్ను పైనుంచి కిందకి చూసి లోపలికి వచ్చి, అమ్మ ఎదురుగా కూర్చుని, "మీ అక్కగారు చెప్పారండీ. వంగిందటగా, చాలా సంతోషం" అంది.

అమ్మ వెంటనే మొహం ముడిచింది. "ఎక్కడండీ! అక్కకేం తెలుసు. అస్సలు వంగలేదు."

ఆవిడ నావైపు చూసింది. "వంగలేదా అమ్మా?"

"కొంచెం వంగిందండీ," అన్నాను, "గట్టిగా పట్టుకుంటే."

ఆ అబ్బాయి తన చెప్పులవైపు చూసుకున్నాడు. నాన్న వరండాలోకి వెళ్ళారు.

"పట్టుకోవడమేమిటి? ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా," అంది ఆవిడ నొచ్చుకుంటూ.

"దానికి ఇష్టమేమిటండీ, మోకాలికి!" అన్నాను.

ఆవిడ వాకరు వైపు చూసింది, అమ్మ కాలి వైపు చూసింది. వచ్చిన పని ఆ క్షణంలోనే మర్చిపోయింది. కుర్చీ ముందుకు లాక్కుంది. "మోకాలా! చేయించుకున్నారా! నాకూ చేయించమంటున్నారండీ, నాకు భయం. మా ఎదురింటావిడ చెప్పింది, చేయించినా ఉపయోగం లేదట, కొయ్యకాలులా చచ్చేదాకా చాపుకునే కూర్చోవాలట. నిజమేనా?"

పెద్దమ్మా, మీ చెల్లెలికి నన్ను తిడితే కోపం రాదు. తన కొత్త మోకాలిని కొయ్యకాలంటే వచ్చింది.

"ఎవరండీ అంది?" అంటూ అమ్మ కాలు వెనక్కి మడిచింది. మడమ కుర్చీ కిందకి పోయింది. చాపింది. మళ్ళీ మడిచింది. "ఏదీ, కొయ్య ఇలా వంగుతుందా?" వాకరు ముట్టుకోకుండా లేచింది. వంటింట్లోకి నడిచింది, గ్లాసులో మంచినీళ్ళు తెచ్చింది, చుక్క తొణకకుండా ఆవిడ చేతికిచ్చింది. "చూశారా! మీరు నిశ్చింతగా చేయించుకోండి."

అప్పుడు నన్ను చూసింది. నెమ్మదిగా కుర్చీలో కూర్చుని, చాలా ఆలస్యంగా, "అమ్మా!" అని మూలిగింది.

వాళ్ళు వెళ్ళేటప్పుడు ఆ అబ్బాయి గుమ్మంలో ఆగి, "మీరు ఒప్పుకున్నారని చెప్పారండీ," అన్నాడు. "ఒప్పుకుంది మోకాలండీ," అన్నాను. పెద్దగా నవ్వాడు. నవ్వు బాగుంది. అంతకు మించి రాయను, నువ్వు దాన్ని కూడా వంచుతావు.

తలుపు వేసి వచ్చి అమ్మనడిగాను. "ఎప్పట్నుంచి?"

"ఎప్పట్నుంచో."

"మరి ఆ కేకలు?"

"మొదటివి నిజమేనే. ప్రాణం పోయింది. తర్వాతవి..." అని చీర అంచు సవరించుకుంది. "అది వంగిన రోజున పెట్టె సర్దుతానని నువ్వే చెప్పావుగా. ఎవరైనా వంచుతారా?"

నాకు కోపం వచ్చింది. నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక ఐసు సంచి తీసి నా నుదుటి మీదే పెట్టుకున్నాను.

"నాన్న ఉన్నారు, అన్నయ్య ఉన్నాడు," అన్నాను.

"ఉన్నారు. మీ నాన్న పేపరు తను చదువుకుంటారు. నాకు చదవరు." మోకాలి మీద చెయ్యి వేసుకుంది. "ఇంట్లో అందరూ నాతో పని గురించే మాట్లాడతారే. గుండీ ఊడింది, అన్నం అయిందా, గుడ్డ ఎప్పుడిస్తావు. కాలు పాడైతేనే గదా నువ్వు నా పక్కన కూర్చున్నావు. బాగయితే మళ్ళీ నేను మిషను ముందుకి, నువ్వు ఎక్కడికో."

అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు పెద్దమ్మా. ఇద్దరం ఆ కాలినే చూస్తూ కూర్చున్నాం, మూడో మనిషిని చూసినట్టు.

"నేను వద్దంటే?" అంది చివరికి.

"వద్దన్నా వెళ్తానమ్మా."

"అనుకున్నాను," అంది. తర్వాత నన్ను సాయం పట్టనివ్వకుండా లేచి వెళ్ళి, నాన్నని వరండాలోంచి పిలిచి, ఇకనుంచి పేపరు పైకి చదవాలని చెప్పింది. నాన్న ధరల పట్టికతో మొదలుపెట్టారు.
ఇట్లు,
తూనీగ

తా.క.: నేను ఎల్లుండి ఉదయం బండికి వెళ్తున్నాను. నేను ఉద్యోగంలో చేరుతున్నాను.