కంతల తుపాకి, పాము తూటా

ఏప్రిల్ 9

ఎండలు ముదిరాయి. పాములు బయటపడ్డాయి. తుపాకుల కొట్లో పొద్దున్నుంచీ పాము తూటాలే అమ్మాను. ఈ నెలలో మా కౌంటీలో అందరూ రివాల్వర్ మొదటి గదిలో అదే పెట్టుకుంటారు, మిగతా వాటిలో మామూలు తూటాలు.

నా చెల్లెలు లువాన్ మొగుడు డ్వేన్ వచ్చాడు. కొత్త రివాల్వర్ కౌంటర్ మీద పెట్టి మురిసిపోయాడు. గొట్టం కొసన రెండు పక్కలా కంతలున్న రకం. పేలినప్పుడు గ్యాస్ ఆ కంతల్లోంచి పైకి కొడుతుంది, చెయ్యి ఎగరదు. పెళ్లాన్నయినా ఎప్పుడూ అంత ముద్దుగా నిమిరి ఉండడు. పాము తూటాలు ఒక డబ్బా ఇమ్మన్నాడు.

ఇవ్వనన్నాను. వాటిలో ఒక్క గుండు ఉండదు. ప్లాస్టిక్ డొప్పలో ఆవగింజల్లాంటి సీసపు రవ్వలుంటాయి. ఆ డొప్ప కంతల దగ్గరే చిట్లిపోతుంది, రవ్వలు పక్కవాళ్ళ మీదికి ఎగురుతాయి. డబ్బా మీదే రాసుంది. చదివి వినిపించాను కూడా. వదినా, నువ్వు తుపాకులు అమ్ముతున్నావా, సండే స్కూల్ నడుపుతున్నావా అన్నాడు. పాలపీక కంటే ముందు పిస్టల్ పట్టాడట. కొట్లో ఉన్న మగాళ్ళంతా ఇకిలించారు. ఛీ.

ఏప్రిల్ 11

పాము తూటాల పాత డబ్బా ఒకటి వాళ్ళింట్లోనే ఉందట. లువాన్ ఫోన్‌లో చెప్పింది. ఆ తూటాలు పెట్టనివ్వకే, పెట్టినా వాడి పక్కన నిలబడకే అని బతిమాలాను. సరే అక్కా, చెప్తాలే అంది. దాని చెప్తాలే నాకు తెలియదా. చెప్పదు.

ఏప్రిల్ 19, సాయంత్రం

టూసాన్. ఆసుపత్రి పార్కింగ్‌లో కారులో కూర్చుని రాస్తున్నాను.

కోళ్ళగూడు కింద రాటిల్‌స్నేక్ దూరింది. డ్వేన్ లువాన్‌ని పక్కన నిలబడి రేకు ఎత్తి పట్టుకోమన్నాడట. పట్టుకుంది. పేల్చాడు. రెండు రవ్వలు లువాన్ కుడి కంట్లో దిగాయి. వాడి కళ్ళకి మాత్రం రక్షణ అద్దాలున్నాయి! ఇంట్లో ఒక్క జతే ఉందట.

వెయిటింగ్ రూమ్‌లో బరీటో తింటున్నాడు. గడ్డం మీద సాసు కారుతోంది. నన్ను చూసి, పాము మాత్రం చచ్చింది వదినా అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, రవ్వలు రాయికి తగిలి వెనక్కొచ్చాయి, ఎవరడిగినా నువ్వూ అదే చెప్పు అన్నాడు.

చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదరా వెధవా అని అరిచాను. నర్సులు చూశారు. పరామర్శకొచ్చిన మా చర్చి పాస్టర్ చూశాడు. చూడనీ. డ్వేన్ మొహం కందగడ్డ అయింది. నలుగురిలో పరువు తీశానట. లోపల పెళ్లాం కన్ను పోతోంది, వీడికి పరువు ఏడుపు.

ఏప్రిల్ 20

కన్ను తీసేశారు.

ఏప్రిల్ 27

చర్చిలో డ్వేన్ కోసం ప్రార్థన చేశారు. పాపం, కుంగిపోయాడట. ఆడవాళ్ళు పోటీలు పడి వాడింటికి వండుకుని మోసుకెళ్ళారు. రవ్వలు రాయికి తగిలి వెనక్కొచ్చాయట కదా అని పాస్టర్ భార్య ప్రార్థనకి ముందు నాకే చెప్పింది. కంతల్లోంచి వచ్చాయమ్మా అని విడమరిచి చెప్పాను. దున్నపోతు మీద వాన. దేవుడి చిత్తం అంది. ప్రార్థన మధ్యలోనే లేచి వచ్చేశాను.

మే 4

లువాన్ ఫోన్. నేను డ్వేన్‌కి సారీ చెప్పాలట. ఆసుపత్రిలో నేనన్న మాటకి ఆయన మనసు విరిగిపోయిందట. నీ కన్ను సంగతేమిటే అన్నాను.

ఇంకోటి ఉందిగా అక్కా, అంది.