మిషను రిపేరు

తమ్ముడూ, అమ్మకి పొద్దుటి జ్ఞాపకశక్తి మాత్ర వెయ్యడం మర్చిపోయాను. అన్నం పెట్టాకే వెయ్యి, లేకపోతే కడుపులో తిప్పుతుంది. వేల్లోకి సూది దింపుకుందని కుట్టుమిషను అమ్మేశాం కదా, అడిగినప్పుడల్లా రిపేరుకిచ్చామని చెప్తున్నాను. ఏ రోజుకారోజు కొత్తగా నమ్మేది. మెదడులో రిసెప్టర్ల మీద పనిచేసే మందని డాక్టరమ్మ అంటే, ఏం చేస్తుందిలే అనుకున్నాను. నిన్న అమ్మ, "మొన్నా ఇదే చెప్పావు కదే, అంత పెద్ద రిపేరేంటి?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. డ్యూటీ నుంచొచ్చాక నిజం నేనే చెప్తాను. నువ్వు నోరు జారకు.

అక్క

మర్చిపోయానని పైన రాశాను కానీ, మర్చిపోలేదురా. మాత్ర చేతిలోకి తీసుకుని మళ్లీ డబ్బాలో పెట్టేశాను, ఇవాళ మళ్లీ నమ్ముతుందేమోనని.