చెరకు తోటలో నానమ్మ సమాధి

లూసియానా, అక్టోబరు 1996

అల్సీడ్ అన్నయ్యా,

అమ్మా నేనూ బాగున్నాం, బెంగపడకు.

మన ఇళ్ల వెనక పెట్టబోయే ప్లాస్టిక్ ఫ్యాక్టరీ వల్ల ఎవరికేం నష్టమో తెలుసుకోవడానికి నిన్న ప్రభుత్వం తరఫున ఒకమ్మాయి వచ్చింది, వెంట కంపెనీ మనిషి. వాళ్ల మ్యాపులో చెరకు తోట ఉంది గాని, అందులో ఉన్న మనవాళ్ల సమాధులు లేవు. అమ్మ వాళ్లను సెలెస్తీన్ నానమ్మ సమాధి దగ్గరికి నడిపించింది. ఏటా సమాధుల పండుగకు మనం అక్కడ సున్నం వేసేవాళ్లం, గుర్తుందా? నాన్న చెరకు విరిచి ఇచ్చేవాడు. పాకం వాసన నది దాకా వచ్చేది. ఇప్పుడు ఉన్న ఫ్యాక్టరీల కంపుకే కిటికీలు తెరవలేకపోతున్నాం.

"ఇంటికి మంచి ధర ఇస్తాం, వెళ్లిపోకూడదా అమ్మా?" అన్నాడు కంపెనీ మనిషి.

"నేను వెళ్తాను సరే. మా అత్తగారికి ఎవరు చెబుతారు నాయనా? బతికున్నప్పుడే నా మాట వినేది కాదు" అంది అమ్మ.

ఆ అమ్మాయి నవ్వి, అక్కడే మ్యాపులో సమాధుల గుర్తు పెట్టింది. మిగతా సమాధులు ఎవరెవరివో నీకే తెలుసు. వచ్చే గురువారం చర్చిలో ఈ ఫ్యాక్టరీ మీద ఊరివాళ్ల మాట వినే విచారణ ఉంది. నువ్వు వచ్చి చెప్పాలి.

షికాగోలో చలి మొదలైందా? వదిన కాలినొప్పి తగ్గిందా? పిల్లలకు నా ముద్దులు. నువ్వు వస్తావో రావో తెలియదు గాని, అమ్మ అప్పుడే నీ మంచం మీద దుప్పటి మార్చేసింది.

నీ చెల్లెలు,
ఒడీల్